ఎల్ బోర్డుతో మీత్ కౌంటీ చుట్టొచ్చాం

పోయిన ఏడాది ఆగస్టు బ్యాంక్ హాలిడే రోజున మేం న్యూగ్రేంజ్ చూడ్డానికి వెళ్ళి, న్యూగ్రేంజ్ చూడకుండానే ఇంటికొచ్చాం.

ఆ రోజు నా చేతిలో ఏడు చోట్ల పేర్లతో ఒక పెద్ద జాబితా ఉంది. బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఇల్లు కదిలేసరికే పదకొండయింది. ఫోన్‌లో 'న్యూగ్రేంజ్' అని కొట్టాం, అది చెప్పిన దారిన పోయాం. తీరా చేరాక ఎదురుగా గుట్ట కనిపిస్తోంది, మధ్యలో కంచె. లోపలికి ఇటునుంచి దారి లేదనీ, నదికి అవతలి ఒడ్డున ఉన్న విజిటర్ సెంటర్‌కి వెళ్ళి, అక్కణ్ణించి వాళ్ళ బస్సులోనే రావాలనీ అప్పుడు తెలిసింది. చుట్టూ తిరిగి అక్కడికి వెళ్ళేసరికి ఆ రోజు టికెట్లు అయిపోయాయి. మిగిలిన ఆరింటిలో రెండైనా చూద్దామని హడావుడిగా తిప్పితే, మలుపుల్లో మా బాబు కారులోనే కక్కుకున్నాడు. తిరుగుదారిలో మావారూ నేనూ ఒకర్నొకరం నాలుగు మాటలు అనుకున్నాం. తర్వాత ఇల్లు చేరేదాకా ఎవరం నోరు విప్పలేదు.

తప్పు ఎవరిదని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. జాబితా రాసింది నేను, నడిపింది ఆయన. కానీ ఏ చోట ఎంతసేపు పడుతుంది, ఎక్కడ తలుపు ఎప్పుడు మూస్తారు అని ఇద్దరిలో ఒక్కరం కూడా చూడలేదు. బీఎస్సీ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో పరికరాలు సర్దుకోకుండా రీడింగ్‌లు తీయబోతే మా మేడమ్ రికార్డు వెనక్కి విసిరేవారు. ఆ రోజు మేం చేసిందీ అదే.

ఈ ఏడాది ఏప్రిల్‌లో అత్తయ్యగారు అమలాపురం నుంచి వచ్చారు. జూలై మొదట్లో తిరుగు ప్రయాణం. ఒక మధ్యాహ్నం వంటింటి కిటికీ దగ్గర కూర్చుని, బయట వాన చూస్తూ, "ఇంతేనామ్మా ఈ దేశం? ఊరెళ్ళాక ఏం చూశావంటే నేనేం చెప్పాలి?" అన్నారు. నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే అడిగారు. అందుకే నాకు ఇంకా గుచ్చుకుంది. మావారికి వారమంతా ఆఫీసు, శనివారాల్లో కూడా ఏదో ఒక పని. ఆయనకి తీరికైతేనే మేం గడప దాటడం. రెండేళ్ళుగా వాయిదా వేస్తున్న లెర్నర్ పర్మిట్ నేను తీసుకున్నది కూడా ఆ విసుగుతోనే.

ఈసారి ప్లాన్ నేనే వేస్తాననీ, కారూ నేనే నడుపుతాననీ చెప్పాను. మావారు టీ కప్పు కింద పెట్టి, "అమ్మని కూర్చోబెట్టుకునా?" అన్నారు.

ఎల్ బోర్డు గీసిన గీత

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఈ లైసెన్సు సంగతి కాస్త చెబుతాను. మన ఇండియా లైసెన్సును ఇక్కడ ఐరిష్ లైసెన్సుగా మార్చివ్వరు. ఇక్కడే ఉండేవాళ్ళం కాబట్టి థియరీ పరీక్ష రాసి, లెర్నర్ పర్మిట్ తీసుకుని, డ్రైవింగ్ టెస్టు పాస్ కావాలి. నాకు రాజమండ్రిలో స్కూటీ తప్ప ఏదీ నడిపిన అనుభవం లేదు కాబట్టి ఈడీటీ క్లాసులు 12 పూర్తి చేయాలి. పర్మిట్ వచ్చాక కనీసం 6 నెలలు ఆగితే గానీ టెస్టుకి వెళ్ళనివ్వరు.

ఈలోగా నడపాలంటే కారుకి ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి. పక్కన ఫుల్ లైసెన్సు వచ్చి 2 ఏళ్ళు నిండినవాళ్ళు కూర్చోవాలి. ఇన్సూరెన్సులో మన పేరు చేర్పించుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, మోటార్‌వే ఎక్కకూడదు.

ఈ ఆఖరి నిబంధన విని మావారు "ఇక ఎక్కడికి వెళ్తాం?" అన్నారు. మ్యాప్ ముందు పెట్టుకుని కూర్చుంటే నాకు తోచిన జవాబు వేరు. మోటార్‌వే లేకపోతే దూరాలు వాటంతటవే కుదించుకుపోతాయి. గాల్వే, కెర్రీ, మోహర్ కొండ అంచులు ఒక్కరోజు లెక్కలోంచి తప్పుకున్నాయి. మిగిలింది మా పక్క కౌంటీ మీత్. ఒకప్పుడు ఐర్లండ్ హైకింగ్స్ పీఠం ఇక్కడే ఉండేదని దీన్ని 'రాయల్ కౌంటీ' అంటారు. అయిదు వేల ఏళ్ళనాటి సమాధి గుట్టలు, నార్మన్ల కోట, పాత మఠాలు, బోయిన్ నది అన్నీ ఒకదానికొకటి అరగంట, ముప్పావుగంట దూరంలో ఉన్నాయి. రెండు గంటలు మోటార్‌వే మీద పరుగెత్తి చేరేచోటు కంటే, పక్కనే ఉండి చూడనిది ఎక్కువని ఎల్ బోర్డు పెట్టాకే తెలిసింది.

ముందు గుంజ పాతాలి

పశువుని కట్టాలంటే ముందు గుంజ పాతాలి కదా. ఒకరోజు ప్రయాణానికి గుంజ అంటే టైము కట్టిన టికెట్. న్యూగ్రేంజ్‌ని ఐర్లండ్ ప్రభుత్వ విభాగం ఓపీడబ్ల్యూ చూసుకుంటుంది. లోపలికి కొద్దికొద్దిమందినే గైడుతో పంపుతారు. వేసవిలో, సెలవు రోజుల్లో అప్పటికప్పుడు వెళ్తే దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకని ముందే ఆన్‌లైన్‌లో మధ్యాహ్నం రెండున్నరకి అయిదుగురికీ టికెట్లు తీసుకున్నాను. ఫోన్ మ్యాప్‌లో ఈసారి 'న్యూగ్రేంజ్' అని కాకుండా, 'బ్రూ నా బోయిన్ విజిటర్ సెంటర్' అని డోనోర్ ఊరి పక్కనున్నది పెట్టాను. బస్సు, నడక, గైడు చెప్పేది, ఎగ్జిబిషన్ అన్నీ కలిపి రెండు గంటల పైమాటే అని లెక్క వేసుకున్నాను.

గుంజ పాతాక మిగతావి దాని చుట్టూ సర్దాలి. ఇక్కడ వెలుతురు సంగతి ఒకటి గుర్తుంచుకోవాలి. మన రాజమండ్రిలో ఎండాకాలం పొడుగు పగలుకీ చలికాలం పొట్టి పగలుకీ తేడా రెండు గంటలే. డబ్లిన్ దగ్గర జూన్‌లో పగలు సుమారు 17 గంటలు, డిసెంబర్‌లో ఏడున్నర. జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుతురు ఉంటుంది కదా అని మనం తీరిగ్గా బయల్దేరతాం. కానీ వెలుతురున్నంత మాత్రాన కోట గేట్లు తెరిచి ఉండవు. సాయంత్రం అయిదో ఆరో కాగానే మూసేస్తారు. కాబట్టి గేటున్న చోట్లు ముందు, గేటు లేని కొండ ఆఖరికి. ఈ ఒక్క సూత్రంతో నా ప్లాన్ సగం తేలిపోయింది. ఉదయం ట్రిమ్ కోట, భోజనానికి బెక్టివ్, మధ్యాహ్నం న్యూగ్రేంజ్, సాయంత్రం తారా కొండ. మొత్తం 140 కిలోమీటర్ల లోపే.

ఇక కొట్టేయడం. స్లేన్ కోట, కెల్స్, లాఫ్‌క్రూ, బోయిన్ యుద్ధం జరిగిన ఓల్డ్‌బ్రిడ్జ్ అన్నీ మీత్‌లోనే ఉన్నాయి. నాలుగింటినీ కొట్టేశాను. స్లేన్‌ని కొట్టేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఊళ్ళోంచి నది మీది పాత వంతెనకి దిగే దారి బాగా ఏటవాలు, వంతెన ఇరుకు. కొత్త చేతికి అది వద్దనిపించింది. మనకి చేతకానిది ఏమిటో కూడా ప్లాన్‌లో రాసుకోవాలి.

ట్రిమ్‌లో కోట, బెక్టివ్‌లో పులిహోర

జూన్‌లో ఒక శనివారం ఉదయం తొమ్మిదింటికి బయల్దేరాం. క్లోనీ మీదుగా పాత నావన్ రోడ్డు, అంటే ఆర్147, బ్లాక్‌బుల్ దగ్గర ఎడమకి తిరిగితే ఆర్154. ఎం3 మోటార్‌వే రాకముందు అందరూ వెళ్ళిన దారే ఇది. టోల్ లేదు. మనలాగే ఎడమవైపు నడపడం కాబట్టి కంగారు అక్కర్లేదు. కానీ 2025 ఫిబ్రవరి 7 నుంచి గ్రామాల లోపలి చిన్న రోడ్ల మీద గంటకి 80 ఉన్న పరిమితిని 60 చేశారు. నాకు అదో ఊరట. వెనకాల కార్లు చేరినప్పుడల్లా మావారి కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. వెనక సీట్లో అత్తయ్యగారు మాత్రం హనుమాన్ చాలీసా మొదలుపెట్టి, డన్‌బోయిన్ దాటేసరికి ఆపేసి, ఆవుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

ట్రిమ్ కోట ఐర్లండ్‌లో నార్మన్లు కట్టినవాటిలో అతి పెద్దది. ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ 1172లో మీత్‌ని హ్యూ డి లేసీకి రాసిచ్చాక మొదలైంది. మధ్యలో ఉన్న బురుజుకి 20 పక్కలు. మా పాప చుట్టూ తిరిగి లెక్కపెట్టి, ఒకసారి పందొమ్మిది, ఒకసారి ఇరవై ఒకటి అంది. 'బ్రేవ్‌హార్ట్' సినిమాలో కొంత ఇక్కడే తీశారు. బురుజు లోపలి మెట్లు ఇరుకు. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారితో నేను కిందే నది ఒడ్డున కూర్చున్నాను, మావారు పిల్లల్ని తీసుకెళ్ళారు. అందరూ అన్నీ చూడాలనే పట్టుదల పెట్టుకోకపోతే పెద్దవాళ్ళకీ మనకీ హాయి.

ట్రిమ్ వదిలేముందే అందరినీ బాత్రూమ్‌కి పంపండి. ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని బెక్టివ్ మఠం దగ్గర శిథిలాలూ గడ్డీ తప్ప మాకేమీ కనబడలేదు. 1147లో పెట్టిన సిస్టర్షియన్ మఠం అది. టికెట్ లేదు. అక్కడే దుప్పటి పరిచి పులిహోర, పెరుగన్నం, మాగాయ విప్పాం. ప్రయాణం వంటకి నా అనుభవం ఒకటే: చల్లారినా బాగుండేది, చెంచా లేకపోయినా తినగలిగేది, కారు సీటు మీద పడినా మరక పడనిది. ఈ మూడో లెక్కలో మాగాయ తప్పిపోయింది.

పక్కనే బోయిన్ నది. ఆ పేరు బోయాన్ అనే దేవత నుంచి వచ్చిందంటారు, దానికి 'తెల్ల ఆవు' అని అర్థం చెబుతారు. ఐరిష్‌లో 'బో' అంటే ఆవు. మన సంస్కృతం 'గో', ఈ 'బో' ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. అది చెప్పగానే అత్తయ్యగారు గరిటె కింద పెట్టేశారు. గౌతమ మహర్షి, మాయ గోవు, ఆయన తపస్సు, గోదావరి పుట్టుక, ఈ కథంతా పిల్లలకి చెప్పుకొచ్చారు. అంతా విని మా పాప, "మా స్కూల్లో కూడా ఈ నది కథ చెప్పారు నానమ్మా" అని ఫిన్ మాకూల్ కథ ఎత్తుకుంది. బోయిన్‌లో పట్టిన జ్ఞాన చేపని గురువు కోసం వండుతూ, వేలు కాలి నోట్లో పెట్టుకున్నందుకు లోకంలోని జ్ఞానమంతా ఆ కుర్రాడికి వచ్చేసిందట. "చేప తినకుండానే వచ్చేసిందా! అయితే మాలాంటివాళ్ళకీ ఆశ ఉంది" అన్నారు అత్తయ్యగారు. రెండు నెలలుగా ఒకే ఇంట్లో ఉన్నా వాళ్ళిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం నేను చూడలేదు. పాపకి తెలుగు తడబడుతుంది, ఆవిడకి ఇంగ్లీషు రాదు. టీవీ లేని చోట కూర్చోబెట్టడమే కావలసి వచ్చింది.

ఇక్కడే ప్లాన్ కొంచెం జారింది. లేవాల్సిన టైముకి లేవలేదు. కానీ ఈసారి ప్రతి రెండు చోట్ల మధ్యా అరగంట ఖాళీ ఉంచాను. ఆ అరగంట ఈ కథలకి పోయింది, టికెట్‌కి ఇబ్బంది రాలేదు.

గుట్ట లోపల

నావన్ మీదుగా కెంట్స్‌టౌన్ దారి పట్టాం. ఇరుకు రోడ్డు, రెండువైపులా కంచె మొక్కలు, ఎదురుగా ట్రాక్టర్. నాకు చెమటలు పట్టాయి. ఎడమకి జరిగి ఆపేశాను, ఇంజన్ కూడా ఆగిపోయింది. మావారు ఏదో అనబోయి ఆగిపోయారు. నేను మళ్ళీ స్టార్ట్ చేసేదాకా ట్రాక్టర్ ఆయన తొందరపెట్టలేదు. దాటిపోతూ స్టీరింగ్ మీంచి ఒక వేలు పైకెత్తారు. పల్లెటూరి రోడ్ల మీద ఇక్కడివాళ్ళ పలకరింపు అదే. తిరిగి వేలెత్తడం నాకు అప్పుడు గుర్తు రాలేదు.

రెండూ పదికి విజిటర్ సెంటర్ చేరాం. అక్కణ్ణించి నది మీది కాలినడక వంతెన దాటి, బస్సెక్కి గుట్ట దగ్గరికి వెళ్ళాలి. న్యూగ్రేంజ్ క్రీస్తు పూర్వం 3200 ప్రాంతంలో కట్టినది. అంటే ఈజిప్టు పిరమిడ్ల కంటే పాతది. గుట్ట అడ్డం సుమారు 85 మీటర్లు, చుట్టూ 97 పెద్ద రాళ్ళు. లోపలికి 19 మీటర్ల సన్నటి దారి. కొన్నిచోట్ల పక్కకి తిరిగి, వంగి నడవాలి. అత్తయ్యగారు పాప భుజం పట్టుకుని నడిచారు. చివర గదిలో నిలబడితే తలపైన 6 మీటర్ల ఎత్తున రాతి మీద రాయి జరుపుతూ పేర్చిన కప్పు. సున్నం లేదు, సిమెంటు లేదు. అయిదు వేల ఏళ్ళ ఐర్లండ్ వాన లోపలికి కారలేదని గైడు చెప్పింది తెలుగులో చెప్పాను. "మన శ్లాబు పదేళ్ళకే కారుతోంది, మేస్త్రీని ఇక్కడికి పంపాలి" అన్నారావిడ.

అప్పుడు గైడు దీపాలు ఆర్పేశారు. ఏటా డిసెంబర్ 21 అటూఇటూ కొద్దిరోజులు సూర్యోదయం వేళ, ద్వారం పైన ఉన్న చిన్న కిటికీలోంచి కిరణం ఈ గది దాకా వస్తుంది. 17 నిమిషాలు ఉండి పోతుంది. 1967 డిసెంబర్ 21న ప్రొఫెసర్ మైకేల్ ఓకెల్లీ అనే పురావస్తు శాస్త్రవేత్త ఇక్కడ ఒంటరిగా నిలబడి చూసి, అది అనుకోకుండా జరిగేది కాదని గ్రహించారు. ఇప్పుడు ఆ రోజుల్లో లోపలికి వెళ్ళేవాళ్ళని లాటరీ తీసి ఎంచుతారు. మాకు కరెంటు దీపంతో చూపించారు. నేల మీద సన్నటి గీతలా వెలుగు పాకి వచ్చింది.

ఇవాళ ఆ కిరణం సూర్యోదయం అయిన 4 నిమిషాలకి లోపలికి వస్తుంది. కట్టినప్పుడు సరిగ్గా సూర్యోదయానికే వచ్చేదట. అప్పుడు భూమి అక్షం వంపు సుమారు 24 డిగ్రీలు, ఇప్పుడు 23.4. డిగ్రీ పాఠంలో ఒక వాక్యంగా చదివి, మార్కులు తెచ్చుకుని మర్చిపోయిన విషయం అది. పదేళ్ళ తర్వాత ఆ చీకట్లో, కొడుకు చెయ్యి పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు అది మొత్తం కళ్ళకి కట్టింది. చదివింది ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది అనిపించింది.

బయటికొచ్చాక అత్తయ్యగారు, "అరసవల్లిలో సూర్యనారాయణమూర్తి పాదాల మీద ఏడాదికి రెండుసార్లు కిరణాలు పడతాయి కదా, అలాంటిదే" అన్నారు. ఊరెళ్ళాక చెప్పుకోవడానికి ఆవిడకి మాట దొరికేసింది.

గేటు లేని కొండ

తారా చేరేసరికి ఆరు దాటింది. పచ్చగడ్డి కొండ, టికెట్ లేదు, గేటు లేదు. ఇక్కడే హైకింగ్స్‌కి పట్టాభిషేకం జరిగేదంటారు. మధ్యలో లియా ఫాల్ అనే నిలువు రాయి. అసలైన రాజు తాకితే అది అరుస్తుందని కథ. మా బాబు రెండు చేతులూ పెట్టి, అది అరవకపోతే తనే అరిచాడు. 1843 ఆగస్టు 15న డేనియల్ ఓకానెల్ ఈ కొండ మీదే లక్షలమందితో సభ పెట్టారు. ఆగస్టు 15 అనగానే మావారు నవ్వారు. ఫ్లాస్కులో మిగిలిన టీ అక్కడే తాగాం. గాలి బాగా ఎక్కువ. జూన్ అయినా పెద్దవాళ్ళకి శాలువా, పిల్లలకి వాన కోటు, తడిసిన సాక్సులు మార్చడానికి ఇంకో జత కారులో ఉండాలి.

ఇంటికి ఆర్147 మీద తిన్నగా దారి. డన్‌షాఖ్లిన్ ముందు ఎదురుగా ఒక ట్రాక్టర్ వచ్చింది. ఈసారి నేనే ముందు వేలెత్తాను. అటునుంచి ఆయనా ఎత్తారు. మావారి కుడికాలు ఎప్పుడు కుదురుగా ఆగిందో నేను గమనించలేదు. ఇల్లు చేరాక చూస్తే వెనక ముగ్గురూ నిద్రలో ఉన్నారు.

మీరూ వెళ్తానంటే నేను చెప్పేది ఇంతే. ఒక్క కౌంటీ తీసుకోండి. టైము టికెట్ ముందు కొని, మిగతావి దాని చుట్టూ సర్దండి. రాసుకున్నవాటిలో సగం కొట్టేయండి. ప్రతిచోటా అరగంట వదలండి. పిల్లలు ఒకటిన్నర మీటర్లు లేదా 36 కిలోలు దాటేదాకా చైల్డ్ సీటు తప్పనిసరి, ఎవరి కారులో వెళ్ళినా సరే. లెర్నర్ పర్మిట్ ఉంటే, స్టీరింగ్ మీరే పట్టుకోండి. పక్కన కూర్చునేవాళ్ళకి ముందే ఒక మాట చెప్పుకోండి: అడిగితేనే సలహా.

నా టెస్టు తేదీ ఇంకా రాలేదు. పాసయితే ఎల్ తీసి ఎన్ పెట్టుకుంటాను, అప్పుడు పక్కన ఎవరూ కూర్చోనక్కర్లేదు, మోటార్‌వే కూడా ఎక్కొచ్చు. మొన్న అమలాపురం నుంచి అత్తయ్యగారు ఫోన్ చేసి, ఆ సంగతే అడిగారు. లాఫ్‌క్రూ కొట్టేశానని గుర్తుంచుకున్నట్టున్నారు. "ఆ మిగిలినవి నేనొచ్చేదాకా ఉంచు" అన్నారు.